పెరట్లో కాదు, గాజుతొట్టెలో పగడం

చూస్తే రాయి. కాదు, ఆవగింజంత ప్రాణులు గుంపుగా కట్టుకున్న ఇల్లు. అక్రోపోరా అనే ఈ పగడపు కొమ్మను బతికించడానికి చిన్న తొట్టె అయితే పని తక్కువనుకుంటారు కొత్తవాళ్లు. నిజం తలకిందులు. 60 లీటర్ల తొట్టెలో లీటరు నీరు ఆవిరైతే ఉప్పు అక్కడే మిగిలి, నీరు మరింత ఉప్పబారుతుంది. అందుకే రోజూ తగ్గినంత మేర పోయాల్సింది ఉప్పునీరు కాదు, శుద్ధిచేసిన మంచినీరు.

కొమ్మ పెరుగుతూ నీటిలోని కాల్షియాన్ని, కార్బొనేట్‌ను లాగేస్తుంటుంది. కాల్షియం లీటరుకు 420 మిల్లీగ్రాములు, క్షారత 8 డిగ్రీలు ఉంటే మంచిదే. అంతకన్నా ముఖ్యం, నిన్న ఎంతో ఇవాళా అంతే ఉండటం. తగ్గిందని కంగారుపడి ఒక్కసారే పోసేస్తే కొమ్మ మీది చర్మం ఊడిపోయి తెల్లటి అస్థిపంజరం బయటపడొచ్చు.

వేసవి మరో గండం. పగడానికి తిండి పెట్టేది దాని ఒంట్లో కాపురముండే నాచు. 25, 26 డిగ్రీలుండాల్సిన నీరు కొన్నాళ్లు 30 దాటితే నాచు వెళ్లిపోతుంది, పగడం తెల్లబోతుంది. అప్పటికింకా ప్రాణముంటుంది పాపం! చచ్చిందనుకుని పారేసేవాళ్లే ఎక్కువ.

ఇది చదివి తొట్టె కొనబోయేవారు ఆగాలి. మన దేశంలో 2001లో రాతిపగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేరాయి. పులి ఉన్న జాబితా అది. ఈ సరదా అమెరికా, యూరప్ వంటి చోట్లే. అక్కడ కొమ్మ ఎదిగాక ఓ ముక్క విరిచి, స్నేహితుడి తొట్టెలోని రాయికి జిగురుతో అంటిస్తారు. ఏ రాత్రో కరెంటు పోయి, పంపు ఆగి తల్లికొమ్మ పోయినా పిల్లకొమ్మ పొరుగింట్లో ఉంటుంది.