మోకాలును సైకిలును

మోకాలు దెబ్బతిన్నవానికి మన యిండ్లలో లభించు ఉపదేశ మొక్కటియే: ఇక కదలక కూర్చుండుమనుట. కాలు కుంటుపడిన ఎద్దును పాకలో కట్టివేసినట్లు మనిషినిగూడ కుర్చీకి కట్టివేయుట ప్రేమయని మనవారి నమ్మకము. నలుబది యేండ్లు దాటినవానికి ఈ ఉపదేశము మరింత గట్టిగా లభించును. ఏబది దాటినవానికి అది శాసనమే యగును. ఈ శాసనమును గూర్చియు, దానిని మన్నింపక సైకిలును మరల నెక్కుటను గూర్చియు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మేము హైదర్‌గూడ నివాసులము. నారాయణగూడ అంగళ్ళకును, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకును, త్యాగరాయ గానసభలోని సంగీత సభలకును సైకిలుమీదనే పోవుట మాకు చిరకాలపు అలవాటు. గత వానకాలమున ఒకనాడు వీధి యంచున నిలిపియుంచిన కారొకటి కుడిప్రక్క తలుపును హఠాత్తుగా తెరచెను. మేము పడితిమి; పడుటలో మోకాలు మెలిబడెను. ఎముక విరుగలేదు గాని, తొడయెముకకును పిక్కయెముకకును నడుమ మెత్తలవలె నుండు మృదులాస్థులలో నొకటి కొంత చిరిగినదని వైద్యులు చిత్రము తీయించి చెప్పిరి. కోతతో పనిలేదనియు, క్రమమైన వ్యాయామముతో కుదురుననియు వారి నిర్ణయము. ఇంటివారి నిర్ణయము వేరు. మా అక్కగారు చూడవచ్చి, "ఒరే, ఆ సైకిలును కబాడీవానికి ఇచ్చెయ్యి. ఈ వయస్సులో నీకు సైకిలేమిటిరా? నలుగురూ ఏమనుకుంటారు?" అనిరి. ఆ పలుకులలో భయము సగము, మర్యాద సగము. భయమునకు శాస్త్రము సమాధానము చెప్పవలెను. మర్యాదకు లోకము సమాధానము చెప్పవలెను.

ముందు శాస్త్రము మాట. కీలునందలి మృదులాస్థిలో చాలభాగమునకు రక్తనాళములు లేవు. దానికి ఆహారము కీలులోని జిగురు ద్రవమునుండియే రావలెను. స్పంజిని పిండి వదలినప్పుడు నీరు లోనికి పోయినట్లు, కీలు కదలి ఒత్తిడి పడి వదలుచున్నప్పుడే ఆ ద్రవము చక్కగా లోనికి ఇంకును. కదలని కీలు పస్తులున్న కీలు. అంతేకాదు, మోకాటిని నిలబెట్టునది తొడముందరి కండరము. కాలు కొన్ని వారములు ఊరకయున్నచో ఆ కండరము కృశించును. అప్పుడు మెట్లెక్కినను, పీటమీదనుండి లేచినను భారమంతయు కీలుమీదనే పడును, నొప్పి పెరుగును, నొప్పికి భయపడి మనిషి మరింత కదలకుండును. ఇట్లు విశ్రాంతియే వ్యాధియగుచున్నది. దెబ్బ తగిలిన మొదటి దినములలో విశ్రాంతి అవసరమే. కాని దినములకు విధించిన పథ్యమును సంవత్సరములకు సాగదీయుట మన గృహవైద్యములోని దోషము.

సైకిలు ఈ రోగమునకు శత్రువు కాదు. నడచునప్పుడు శరీరభారము ప్రతి యడుగున మోకాటిమీద పడును. సైకిలుమీద ఆ భారములో అధికభాగమును సీటు మోయును. అయినను సైకిలును మన కాలికి తగినట్లు సరిచేయవలెను. సీటు మిక్కిలి తక్కువగా నున్నచో మోకాలు అతిగా వంగి చిప్పవెనుక ఒత్తిడి పెరుగును; మిక్కిలి యెత్తుగా నున్నచో మోకాటి వెనుక నరములు లాగును. పెడలు అడుగునకు వచ్చినప్పుడు కాలు దాదాపుగా చాచబడి, మోకాటివద్ద కొద్దిపాటి వంపు మాత్రము మిగిలియుండవలెను.

మాది గేర్లులేని పాతకాలపు సైకిలు. దానికి ముందరి పళ్ళచక్రమున 44 పళ్ళును, వెనుక ఫ్రీవీలున 18 పళ్ళును ఉండెను. అనగా ఒక తొక్కుడుకు వెనుకచక్రము దాదాపు రెండున్నర చుట్లు తిరుగును. వెనుక 22 పళ్ళ ఫ్రీవీలు వేయించితిమి. ఇప్పుడు రెండే చుట్లు. వేగము కొంత తగ్గినది. ప్రతి తొక్కుడుకును మోకాలు పెట్టవలసిన బలము అంతకు తగినట్లు తగ్గినది. ఎగుడుదిగుడు నేలగల ఈ నగరమున నది చిన్న లాభము కాదు. బరువుగా మెల్లగా తొక్కుటకన్న తేలికగా చురుకుగా తొక్కుట మోకాటికి హితము.

సైకిలెక్కుటకు ముందే కొన్ని వారములు ఇంటిలో సాధన జరిగినది. వెల్లకిల పరుండి కాలు వంచక జానెడెత్తున లేపి నిలుపుట, మోకాటిక్రింద తువ్వాలు చుట్టనుంచి దానిని నేలకు నొక్కుట, కుర్చీనుండి చేతులూనక లేచుట: ఇవి చూచుటకు పిల్లలాటలు, చేయుటకు తపస్సు. తరువాత మొదటి వారము పది నిమిషములు, ఆపై వారమునకు కొంచెముగా పెంచుట. నియమ మొక్కటి పెట్టుకొంటిమి: తొక్కుచున్నప్పుడు కొద్దిపాటి నొప్పియుండిన నుండవచ్చును, మరునాటి ఉదయమునగూడ నొప్పియో వాపో నిలిచియున్నచో ఆనాడు విరామము. మొదటి నెల మా ప్రయాణము హైదర్‌గూడ, హిమాయత్‌నగరము దాటలేదు. నాలుగవ నెలలో తెల్లవారుజామున ఇందిరా పార్కు మీదుగా టాంకుబండు చేరి హుస్సేన్‌సాగరపు గాలి పీల్చితిమి. పెద్దలకు వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యరకపు శ్రమ కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. దినమున కరగంట చొప్పున అయిదు దినములు తొక్కినచో అందు మొదటి సంఖ్య నెరవేరును.

ఇక భోజనము, నిద్ర. మోకాటికిని బట్టతలకును ముడిపెట్టుట యని సామెత యున్నది. మోకాటికిని రాత్రిభోజనమునకును ముడిపెట్టుటయు అట్టిదేయని కొందరు నవ్వవచ్చును. కాని ఈ ముడి నిజమైనది. దేహము ఒక కిలో తగ్గినచో నడకలో ప్రతి యడుగున మోకాటిమీది భారము దాదాపు నాలుగు కిలోలు తగ్గునని మోకాటివాతపు రోగులను పరీక్షించినవారు కనుగొనిరి. ఆ లెక్క తెలిసిన తరువాత మా యింటిలో రాత్రిభోజనము ఎనిమిది గంటలకే ముగియుచున్నది. అన్నము కొంత తగ్గి పప్పు, కూరలు పెరిగినవి; వారమునకు రెండుమార్లు జొన్నరొట్టె వచ్చినది. చాయలో చక్కెర సగమైనది. మిరపకాయబజ్జీ ఆదివారపు అతిథి యైనది. పదిగంటలకు దీపములార్పుట మొదట పిల్లలకు కష్టమైనది గాని, ఉదయమున వారును మాతో లేచుచున్నారు. ఒక్కని మోకాటికొరకు పెట్టిన నియమము ఇంటినంతటిని దిద్దినది. అక్కగారు సైకిలును గూర్చి ఇంకను సణుగుదురు. కాని జొన్నరొట్టెకు మాత్రము తామే పిండి కలుపుచున్నారు.

ఇప్పుడు మర్యాద మాట. కారు గౌరవమనియు, సైకిలు లేమియనియు మన సంఘము తలచుచున్నది. పాలు, పత్రికలు తెచ్చువారు సైకిలెక్కిన ఎవరికిని ఆక్షేపణ లేదు. కలిగినవాడు తన యిష్టమున నెక్కినచో మాత్రము పిచ్చివాడను పేరు వచ్చును. చిక్కడపల్లికి కూతవేటు దూరమున బాగులింగంపల్లిలో ఎవరి పేర విజ్ఞానకేంద్రమును ఉద్యానవనమును వెలసినవో ఆ పుచ్చలపల్లి సుందరయ్యగారు చట్టసభల సభ్యులై యుండియు సైకిలుమీద సభకు పోయెడివారు. ఆయన రాజకీయములతో ఏకీభవింపనివారుకూడ ఆ సైకిలును గౌరవించిరి. మరి కాలే లేనివాని మాట? ఈ నగరవాసియైన ఆదిత్య మెహతాగారు రోడ్డు ప్రమాదమున ఒక కాలు పోగొట్టుకొనియు సైకిలెక్కి, 2013లో ఆసియా పారా సైక్లింగు పోటీలలో రెండు రజత పతకములు గెలిచిరి. తమవంటి వికలాంగులకు క్రీడలలో శిక్షణ నిచ్చుటకు సంస్థను నెలకొల్పిరి. మోకాటి మృదులాస్థి కొంచెము చిరిగిన మాబోటివారు కుర్చీని ఆశ్రయించుటకు ఆయన చరిత్ర అవకాశ మీయదు.

అయితే సైకిలెక్కువాడు తన మోకాటిని ఎంత దిద్దుకొన్నను, వీధి దిద్దబడనిచో ప్రయోజనము సగమే. 2020 ఫిబ్రవరిలో నారాయణగూడ, చిక్కడపల్లి మీదుగా మెట్రో రైలు వచ్చినది. 2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుండి వి.ఎస్.టి. వరకు ఉక్కు వంతెన వచ్చినది. ఆ సంవత్సరమే అక్టోబరులో నగరమునకు పడమర బాహ్య వలయ రహదారి చెంత సౌరఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట తెరువబడినది. అది మెచ్చదగినదే. కాని వినోదమునకు తొక్కువాడు తన సైకిలును కారుమీద వేసికొని అచటికి పోగలడు. హైదర్‌గూడలో పాలసంచులు మోయు కుర్రవాడు పోలేడు. వానికి కావలసినది కప్పుగల బాట కాదు. వీధి యంచున తనకొక బారెడు చోటు, ఆ చోటున కార్లు నిలుపకుండుట, నిలిపినవారు తలుపు తెరచుటకు ముందు వెనుకకు చూచుట.

ఈ కడపటి దానికి ప్రభుత్వముతోను ధనముతోను పనిలేదు. మన కార్లలో నడపువాడు కుడిప్రక్క కూర్చుండును. అతడు కుడితలుపును కుడిచేతితో గాక ఎడమచేతితో తెరచినచో దేహము తనంతట తానే ప్రక్కకు తిరుగును. కన్నులు వెనుక వచ్చువానిపై పడును. సైకిళ్ళ దేశమైన హాలెండు పేర ఈ పద్ధతి ప్రసిద్ధమైనది. మన చదువరులలో కార్లుగల గృహస్థులు పెక్కురు గలరు. వారు తాము ఈ యొక్క అలవాటును నేర్చి, తమ పిల్లలకును డ్రైవర్లకును నేర్పుదురు గాక. ఇంటిలో ఎవరికైన కాలికి దెబ్బ తగిలినప్పుడు "కూర్చుండుము" అనుటకు ముందు, "ఎప్పటినుండి కదలవచ్చును? ఎంత కదలవలెను?" అని వైద్యునడిగి తెలిసికొందురు గాక. ఈ రెండును నేర్చిన వీధిలో పడువారు తగ్గుదురు. పడినవారు మరల లేతురు.