తెలిసీ చెప్పని మాట

ఒక పిల్ల మెయిల్ పెట్టెలోకి బూతు మెయిల్ రావాలంటే ఆ పిల్ల ఏ తప్పూ చెయ్యక్కర్లేదు. ఎక్కడా అడ్రసు ఇవ్వక్కర్లేదు, ఏ సైటూ తెరవక్కర్లేదు. 2003లో ఈ సంగతి నాకు బాగా తెలుసు. అప్పట్లో ఒక చిన్న ఇంటర్నెట్ సంస్థలో మెయిల్ సర్వర్ నా చేతిలో ఉండేది. తెలిసి కూడా చెప్పాల్సినచోట చెప్పలేదు. తర్వాత దాన్ని దిద్దుకోబోయి ఇంకో తప్పు చేశాను. ఇళ్ళకు వచ్చే అసభ్యపు మెయిళ్ళను ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ళే వడకట్టాలా అన్న చర్చ ఎక్కడ వచ్చినా నాకు ఆ రెండు తప్పులూ గుర్తొస్తాయి. వద్దన్నవాళ్ళ వైపూ నిలబడ్డాను, కావాలన్నవాళ్ళ వైపూ నిలబడ్డాను. రెండుసార్లూ నష్టపోయింది నేను కాదు.

ఇంటర్నెట్ వ్యాపారంలోకి ప్రైవేటు వాళ్ళను రానిచ్చింది 1998 చివర్లో. దేశమంతటికీ ఒక రకం లైసెన్సు, రాష్ట్రానికి ఒక రకం, జిల్లా అంత ప్రాంతానికి ఇంకో రకం ఇచ్చారు. మాది ఆ చివరి రకం. ఫోన్ లైన్ మీద మోడెమ్ కూత పెట్టి కలిసే డయలప్ రోజులవి. గంటల ప్యాకేజీ మా దగ్గర కొనుక్కోవాలి, ఫోన్ బిల్లు వేరే కట్టుకోవాలి. కనెక్షన్‌తో పాటు మా సంస్థ పేరు మీద ఒక మెయిల్ అడ్రసు ఇచ్చేవాళ్ళం. ఇంటిల్లిపాదికీ అదొక్కటే. చాలా ఇళ్ళల్లో అది పిల్లల పేరు మీదే ఉండేది, ఎందుకంటే కంప్యూటరు ముట్టుకోవడం తెలిసింది వాళ్ళకే. అమెరికాలో ఉన్న బాబాయి ఉత్తరం, సిడ్నీలో చదువుకుంటున్న అన్నయ్య ఫొటోలు, అన్నీ తొమ్మిదో తరగతి పిల్ల పేరు మీద ఉన్న ఆ పెట్టెలోనే దిగేవి. వాటితో పాటు మిగతావీ దిగేవి.

ఎలా దిగేవో చెప్తాను. స్పామ్ పంపేవాళ్ళ ప్రోగ్రాములు మా సర్వర్‌కు తగులుకుని వరసగా పేర్లు ఊహించేవి. అనిల్ అనే ఖాతా ఉందా, అనిత ఉందా, అనూష ఉందా, అపర్ణ ఉందా. లేని పేరైతే మా సర్వర్ 'అలాంటివాళ్ళు లేరు' అని మర్యాదగా జవాబిచ్చేది. ఉన్న పేరైతే మెయిల్ పుచ్చుకునేది. తెల్లారేసరికి మా ఖాతాదారుల పేర్లలో చాలా భాగం వాళ్ళకు తెలిసిపోయేవి. మా సర్వరే నిజాయితీగా జవాబులు చెప్పి వాళ్ళ జాబితా తయారుచేసి పెట్టింది. పొద్దున్నే సర్వర్ రాసిపెట్టుకునే లాగ్ తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల వరసలో ఆ పేర్లు, పేజీల కొద్దీ కనబడేవి. వేగంగా అడిగేవాళ్ళను కాసేపు ఆపే ఏర్పాటు చెయ్యొచ్చని నాకు తెలుసు. తీరిక దొరికినప్పుడు చేద్దామనుకున్నాను.

ఒకావిడ మా ఆఫీసుకు వచ్చారు. చాలాసేపు కౌంటర్ దగ్గర నిలబడి, మిగతావాళ్ళందరూ వెళ్ళాక గొంతు తగ్గించి చెప్పారు. వాళ్ళమ్మాయి మెయిల్ చూసుకుంటుంటే చెప్పుకోలేని ఫొటో ఒకటి తెరమీద పరుచుకుందట. అదే సమయానికి తండ్రి వెనకనుంచి వచ్చాడట. ఆ రోజుల్లో అందరూ వాడే ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో మెయిల్‌ను తెరవక్కర్లేదు. దాని మీదికి వెళ్తే చాలు, కింది గడిలో బొమ్మలతో సహా విప్పుకునేది. ఆ బొమ్మ పంపినవాడి సర్వర్ నుంచి దిగిన మరుక్షణం, ఈ అడ్రసులో నిజంగా మనిషి ఉన్నాడని వాడికి తెలిసిపోయేది. ఆ పైన ఇంకా ఎక్కువ వచ్చేవి.

"ఇవి మీ దగ్గరే ఆపెయ్యలేరా బాబూ?" అన్నారావిడ.

నాకు సిద్ధంగా ఉన్న జవాబు చెప్పాను. మేము పోస్ట్‌మ్యాన్‌లాంటి వాళ్ళమండీ, ఉత్తరం విప్పి చూసే హక్కు మాకు లేదు, అక్కర్లేనివి తీసెయ్యండి అన్నాను. ఆ జవాబు మీద నాకు గౌరవం కూడా ఉండేది. ఒకరి మెయిల్‌లోకి తొంగిచూడకపోవడం వృత్తి ధర్మం అనుకునేవాణ్ణి, ఇప్పటికీ అనుకుంటాను. కానీ తీసెయ్యాలంటే ముందు చూడాలి. చూడాల్సింది పద్నాలుగేళ్ళ పిల్ల. ఆ ముక్క నాకు తట్టలేదు.

ఆవిడ వెళ్ళబోతూ ఆగి ఇంకోటి అడిగారు. "అమ్మాయి ఏవో పిచ్చి సైట్లు చూసుంటుంది, లేకపోతే మన అడ్రసు వాళ్ళకెలా తెలుస్తుందని మావారు అంటున్నారు. నిజమేనా బాబూ?"

కాదండీ, పేర్లు ఊహించి పంపుతారు, మీ అమ్మాయికి దీంతో ఏ సంబంధమూ లేదు. ఇంత మాట చెప్తే సరిపోయేది. కావాలంటే లాగ్ కూడా చూపించొచ్చు. కానీ మా యజమాని రెండడుగుల దూరంలో కూర్చుని ఉన్నారు. అడ్రసులు మా సర్వర్ నుంచే బయటికి పోతున్నాయని ఒప్పుకుంటే ఆ మాట ఊరంతా పాకుతుందని భయపడ్డాను. "ఖచ్చితంగా చెప్పలేమండీ" అన్నాను.

ఆవిడ తలూపి వెళ్ళిపోయారు. నెలాఖరుకు కనెక్షన్ తీసేయించుకున్నారు. తర్వాత కంప్యూటరే అమ్మేశారని విన్నాను. నా నోటినుంచి వచ్చిన రెండు ముక్కలు ఆ ఇంట్లో తండ్రి అనుమానానికి సాక్ష్యమయ్యాయి. ఇంటర్నెట్ వాళ్ళే కాదనలేకపోయారు కదా అని ఆయన అనుకుని ఉంటాడు. ఆ పిల్ల చెప్పిన నిజాన్ని బలపరచగలిగింది ఆ ఊళ్ళో నేనొక్కణ్ణే. నోరు విప్పలేదు.

ఆ బాధతోనే రెండో తప్పుకు పూనుకున్నాను. ఇక ఒక్క బూతు మెయిల్ కూడా మా ఖాతాదారుల గడప దాటకూడదని పట్టుబట్టాను. స్పామ్‌అసాసిన్ అనే ఉచిత ప్రోగ్రాము అప్పటికే ఉంది. అది ప్రతి మెయిల్‌కూ లక్షణాలను బట్టి మార్కులు వేస్తుంది, మార్కులు ఐదుకు చేరితే స్పామ్ అని ముద్ర కొడుతుంది. దేన్నీ తనంత తాను పారెయ్యదు. ఆ జాగ్రత్త నాకు పిరికితనంలా కనిపించింది. ప్రాక్‌మెయిల్ అనే ఇంకో మెయిల్ ప్రోగ్రాములో సొంతంగా ఒక బూతు మాటల జాబితా రాసి, వాటిలో ఏదున్నా ఆ మెయిల్ అక్కడికక్కడే మాయమయ్యేట్టు పెట్టాను. పంపినవాడికి కబురు పోదు, అందుకోవాల్సినవాడికి అసలే తెలియదు. ఖాతాదారుల్లో ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. కొన్ని వారాలకు ఫిర్యాదులు తగ్గిపోయాయి. యజమాని మెచ్చుకున్నారు. మంచి పని చేశానని నేనూ నమ్మాను.

మన పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నప్పుడు ఏమవుతుందో మాత్రం ఆలోచించలేదు. దీక్షితులు, హర్షిత, రక్షిత, ఈ పేర్ల మధ్యలో ఎస్, హెచ్, ఐ, టి అనే నాలుగక్షరాలు వరసగా వస్తాయి. కంభం ఊరిని ఆంగ్లేయుల కాలం నుంచీ సి, యు, ఎం, బి, యు, ఎం అని రాస్తున్నారు. పాత చెరువుతో పేరున్న ఊరు, అక్కడి వేలమంది చిరునామాల్లో ఆ అక్షరాలే ఉంటాయి. నా జాబితాకు అందులో మొదటి మూడక్షరాలు చాలు. విడిమాటగా ఉందా, ఇంకో మాటలో భాగంగా ఉందా అని చూడమని నేను దానికి చెప్పలేదు. ఇంగ్లండ్‌లో స్కన్‌తోర్ప్ అనే ఊరివాళ్ళకు 1996లో సరిగ్గా ఇదే జరిగింది. ఊరి పేరులో ఒక బూతు మాట అక్షరాలు ఇరుక్కున్నందుకు అమెరికా ఆన్‌లైన్ సంస్థ వాళ్ళను ఖాతాలే తెరవనివ్వలేదు. ఆ కథ నేను చదివినవాణ్ణే. అది పరాయి ఊరి పేరుకు సంబంధించిన వింత అనుకున్నాను గానీ, మన ఊరి పేరు రాసి చూసుకోలేదు.

కంభం నుంచి వచ్చి మా ఊళ్ళో మేనమామ ఇంట్లో ఉంటూ ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్న కుర్రవాడొకడు మామయ్య మెయిల్ వాడుకునేవాడు. బెంగళూరు కంపెనీ ఒకటి ఇంటర్వ్యూకు పిలుస్తూ మెయిల్ పంపింది. కాల్ లెటర్ పైన అభ్యర్థి చిరునామా ఉంటుంది కదా. రావాల్సిన రోజు దాటిపోయాక అతను కంపెనీకి ఫోన్ చేస్తే, పంపాం, మీరే రాలేదన్నారట. నా దగ్గరికి వచ్చాడు. లాగ్ వెతికితే ఆ మెయిల్ వచ్చిన నిమిషం, మాయమైన నిమిషం రెండూ ఉన్నాయి.

ఈసారి చెప్పాను. ఏం చేశానో, ఎందుకు చేశానో పూర్తిగా చెప్పాను. కంపెనీకి మా సంస్థ తరఫున ఉత్తరం కూడా రాశాను. జవాబు రాలేదు. కుర్రవాడు నన్ను తిట్టలేదు. "ఇంకా ఎవరెవరివి పోయాయో మీకు తెలుసా సార్?" అని మాత్రం అడిగాడు. తెలియదు. పాత లాగ్‌లు వారం దాటితే చెరిగిపోయేవి, మెయిళ్ళు ఎటూ లేవు. రొమ్ము క్యాన్సర్ పరీక్ష ఫలితమో, పెళ్ళి సంబంధం తాలూకు బయోడేటానో, ఎందరి ఇళ్ళకు ఏవి చేరకుండా పోయాయో నాకు ఎప్పటికీ తెలియదు. పంపినవాళ్ళు జవాబు కోసం చూసి, రాక, ఏమనుకున్నారో కూడా తెలియదు.

ఆ తర్వాత చేసిన మార్పులన్నీ కుర్రవాడి ప్రశ్నలోంచి పుట్టినవే. ఏ మెయిల్‌నూ పారెయ్యడం మానేశాం. అనుమానం ఉన్నది వేరే పెట్టెలో పడేది, దాన్ని పెద్దవాళ్ళు విడి పాస్‌వర్డ్‌తో తెరుచుకునేవాళ్ళు. నెల రోజులు అక్కడే ఉండేది. కనెక్షన్ ఇచ్చేటప్పుడే తెలుగులో రాసిన కాగితం ఇచ్చి, వడపోత కావాలా వద్దా, ఎంత గట్టిగా కావాలి అని అడిగేవాళ్ళం. పిల్లల ఖాతా అయితే అమ్మానాన్నలు రాసిచ్చిన అడ్రసుల నుంచి తప్ప ఇంకెక్కణ్ణించీ రాకుండా చేసే వీలు కూడా పెట్టాం. ఎక్కువమంది వడపోత కావాలనే టిక్కు పెట్టారు. వద్దన్నవాళ్ళు కొద్దిమంది. అందులో ఒక డాక్టరుగారు, ఒక వకీలు ఉన్నారు. వాళ్ళ వృత్తిలో వచ్చే మాటలే నా జాబితాలో ఉన్నాయి మరి. పేర్లు ఊహించేవాళ్ళను ఆపే ఏర్పాటు కూడా అప్పుడే చేశాం. ఒక సాయంత్రంలో అయిపోయింది. అదే ముందే చేసి ఉంటే ఆ అమ్మాయి పేరు వాళ్ళ జాబితాలోకి ఎక్కేదే కాదేమో.

చట్టం చూసుకుంటుంది, సంస్థలకెందుకు ఈ బాధ్యత అనేవాళ్ళున్నారు. అమెరికాలో 2003 డిసెంబరులో స్పామ్ మీద చట్టం చేశారు. అశ్లీల వ్యాపార మెయిల్ అయితే పైన ఆ సంగతి తెలిపే ముద్ర ఉండాలని 2004 మేలో నిబంధన తెచ్చారు. నిబంధన పాటించేవాడు పాటించాడు, అసలు దొంగ పాటించలేదు. మెయిళ్ళు వద్దనుకునేవాళ్ళందరి అడ్రసులతో జాతీయ జాబితా పెడదామా అని ఆలోచిస్తే, ఆ జాబితానే స్పామర్లు వాడుకుంటారని అక్కడి వాణిజ్య కమిషనే వద్దంది. మన దేశంలో ఫోన్ కాల్స్‌కూ ఎస్సెమ్మెస్‌లకూ ట్రాయ్ నిబంధనలున్నాయి గానీ మెయిల్ స్పామ్‌కంటూ ప్రత్యేక చట్టం లేదు. అశ్లీలాన్ని ప్రచురించడం, పంపడం ఐటీ చట్టం 67వ సెక్షన్ కింద నేరమే. పంపినవాడు ఏ దేశంలో ఏ పేరుతో ఉన్నాడో తేలితే కదా. కాబట్టి ఇంటికీ వాడికీ మధ్య నిలబడగలిగింది మెయిల్ మోసే సంస్థే. దాని చేతిలో ఆ శక్తి ఉన్నప్పుడు మాకు సంబంధం లేదనడం న్యాయం కాదు. అయితే ఆ శక్తిని ఇంట్లోవాళ్ళకు తెలియకుండా వాడడం కూడా అన్యాయమే. బ్రిటన్‌లో 2013లో పెద్ద కంపెనీలు కుటుంబాల కోసం వడపోతలు పెట్టినప్పుడు లైంగిక విద్య చెప్పే సైట్లూ, అత్యాచార బాధితులకు సాయం చేసే సైట్లూ కూడా వాటిలో చిక్కుకున్నాయి. సాయం కోసం వెతికే పిల్లకు ఆ తలుపు మూసింది ఎవరో, ఎందుకో కూడా తెలిసి ఉండదు.

ఇప్పుడు ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ పేరు మీద మెయిల్ వాడేవాళ్ళు దాదాపు లేరు. పెద్ద కంపెనీల వడపోత నేను కలలో కూడా ఊహించనంత నేర్పుగా పనిచేస్తోంది. గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి, మూకుమ్మడిగా మెయిళ్ళు పంపేవాళ్ళు తామెవరో సాంకేతికంగా రుజువు చేసుకోవాలని పట్టుబట్టాయి. మంచిదే. అయినా కొన్ని తప్పించుకుని వస్తున్నాయి. 2018 నుంచి ఒక రకం బెదిరింపు మెయిల్ తిరుగుతోంది. నువ్వు బూతు సైటు చూస్తుండగా నీ కెమెరాతోనే వీడియో తీశాను, బిట్‌కాయిన్లలో డబ్బు పంపకపోతే మీ వాళ్ళందరికీ పంపుతాను అని ఉంటుంది. నమ్మించడానికి మనం ఎప్పుడో వాడిన పాస్‌వర్డ్ కూడా అందులో రాస్తారు. అది ఏదో సైటు నుంచి ఎప్పుడో దొంగిలించిన జాబితాలోది. వీడియో ఉండదు. ఒకే మెయిల్ లక్షలమందికి వెళ్తుంది.

మా వీధిలో ఇంటర్ చదివే అబ్బాయికి అది వచ్చింది. తండ్రి దాన్ని చూసి, పిల్లాణ్ణి గదిలో పెట్టి, రాత్రి నాకు ఫోన్ చేశాడు. "ఏం చూశాడో చెప్పట్లేదన్నా" అన్నాడు. ఫోన్‌లో కాదని వెళ్ళి, అలాంటిదే నాకొచ్చిన మెయిల్ తీసి పక్కపక్కన పెట్టి చూపించాను. మాట మాటకీ ఒకటే. నాకూ పంపాడు, నీ కొడుక్కీ పంపాడు, రేపు నీకూ పంపుతాడు, పిల్లాడు ఏమీ చెయ్యలేదు అన్నాను. డబ్బు పంపొద్దని, ఆ పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడుతుంటే ఈ రాత్రే మార్చమని, సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టమని చెప్పాను. తర్వాత ఆ అబ్బాయి ముందు కూర్చుని, వాళ్ళ నాన్న వింటుండగా, అవే మాటలు మొదటినుంచీ మళ్ళీ చెప్పాను.