అటకెక్కిన మా కాపురం

ఏదైనా పని మూలన పడితే "అటకెక్కింది" అంటాం కదా. మా ఊళ్ళో పెంకుటింటి అటక మీద ఉండేవీ అలాంటివే... పాత ఇత్తడి బిందెలు, ఖాళీ ఊరగాయ జాడీలు, కాలు విరిగిన కుర్చీ. అలాంటి అటక మీద, ఇంగ్లండులో, మేం దాచుకున్నదంతా పోశాం.

రెడింగ్ లో మాది 1930ల నాటి సెమీ డిటాచ్డ్ ఇల్లు. మూడు బెడ్రూములు. మూడోది పేరుకే, మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు. అమ్మానాన్నలు వస్తే హాల్లో సోఫా బెడ్డే గతి. 2012లో వీసా రూల్స్ మారాక పెద్దవాళ్ళని ఇక్కడే ఉంచేసుకోవడం దాదాపు కుదరని పని. విజిటర్ వీసా మీద వచ్చే ఆర్నెల్లయినా వాళ్ళకంటూ ఓ గది ఉండాలని లాఫ్ట్ కన్వర్షన్ మొదలెట్టాం.

పైన నాలుగు చెక్కలు పరిచి మంచం వేస్తే అయిపోతుందనుకున్నా. కాదట! ఉన్న దూలాలు కింది సీలింగుని మోయడానికే. మనుషుల్ని మోయాలంటే కొత్త దూలాలు, స్టీల్ బీములు కావాలి. ఆ బీము పక్కింటితో ఉమ్మడి గోడలోకి వెళ్తుంది కనక, 1996 నాటి పార్టీ వాల్ చట్టం ప్రకారం రెండు నెలల ముందే పక్కింటాయనకి నోటీసివ్వాలి. కప్పుని 50 ఘనపు మీటర్ల లోపే పెంచాం, మిగతా షరతులూ సరిపోయాయి, అందుకని ప్లానింగ్ పర్మిషన్ తప్పింది. బిల్డింగ్ రెగ్యులేషన్స్ మాత్రం తప్పలేదు. రెండంతస్తుల ఇల్లు మూడంతస్తులవుతోంది కాబట్టి, నిప్పంటుకుంటే పైనుంచి వీధి గుమ్మం దాకా క్షేమంగా దిగే దారి ఉండాలి. అందుకని ఫైర్ డోర్లు, ఒకటి మోగితే అన్నీ మోగే స్మోక్ అలారాలు. వంటింటి తలుపు తీసి మా ఆవిడ పోపు పెట్టిందంటే మూడంతస్తులూ కోరస్ అందుకుంటాయి.

అన్నీ చూసుకున్నాను, మెట్లు తప్ప. చోటు చాలక బిల్డర్ వాటిని 42 డిగ్రీల వాలుతో కట్టాడు. రూలు ఒప్పుకునే ఆఖరి అంచు అది. పైన బాత్రూముకి డబ్బులు మిగల్లేదు.

అమ్మ వచ్చిన రోజే రెయిలింగ్ పట్టుకుని మెల్లగా పైకెక్కింది. "గది బంగారంలా ఉందిరా. కానీ రాత్రి రెండుసార్లు లేస్తాను, ఈ నిచ్చెన దిగలేన్రా" అంది. నాన్న కింద నుంచే "కట్టేముందు ఓ మాట అడగొచ్చు కదరా" అన్నారు.

యూజర్ని అడక్కుండా డిజైన్ చెయ్యొద్దని పదిహేనేళ్ళుగా టీములో క్లాసులు పీకేవాణ్ణి నేను! ప్రతి ఆదివారం ఫోన్లో "మోకాళ్ళెలా ఉన్నాయమ్మా" అంటే "బానే ఉన్నాయి" అనేది. నమ్మేశాను. నమ్మితే నాకు తేలిక కదా.

ఆ రాత్రే మా గది వాళ్ళకిచ్చి, మేం సామాన్లు సర్దుకుని అటకెక్కాం. ఆర్నెల్లూ అయిపోయి వాళ్ళు వెళ్ళిపోయినా ఇంకా పైనే ఉన్నాం. కింద ఆ గదిని అలాగే ఉంచాం.

మీలో ఎవరికైనా లాఫ్ట్ చేయించే ఆలోచనుంటే, ఆర్కిటెక్టు కన్నా ముందు ఆ గదిలో ఉండబోయేవాళ్ళకి ఫోన్ చెయ్యండి. "బానే ఉన్నాం" అంటే మాత్రం నమ్మకండి.