మనిషిని గుర్తుపట్టని తాళం

పిల్లలూ, ముప్పయి ఆరేళ్లపాటు నేను బడిలో భౌతికశాస్త్రం చెప్పాను. చివరి తొమ్మిదేళ్లు హెడ్మాస్టరుగా కూడా ఉన్నాను. ధ్వని అంటే ఏమిటి, రేడియో తరంగాలంటే ఏమిటి అని నల్లబల్ల మీద బొమ్మలు గీసి ఎన్ని వందలమందికి చెప్పానో లెక్కలేదు. అయినా కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం అవసరం వచ్చేసరికి ఆ పాఠం నాకే గుర్తుకు రాలేదు. నా తప్పు నేను చెప్పుకోవటానికి సిగ్గుగానే ఉన్నది. కాని నా సిగ్గువల్ల మీలో ఒక్కరికి మేలు జరిగినా చాలును గనక చెబుతున్నాను.

అది మే నెల. సామర్లకోటలో మా బంధువుల ఇంట పెళ్లి. రాజమహేంద్రవరం నుంచి మా అబ్బాయి కారులో నేనూ, మా ఇంటావిడా, నాలుగేళ్ల మనమడూ బయలుదేరాము. కోడలికి సెలవు దొరకక ఇంటి దగ్గరే ఉండిపోయింది. సామర్లకోట పొలిమేరలో కొబ్బరిబోండాల బండి కనిపిస్తే అబ్బాయి కారు ఆపి దిగాడు. మా ఇంటావిడ కూడా దిగింది. మనమడు మాత్రం తండ్రి సీటులోకి ఎక్కి, చక్రం తిప్పుతూ, "తాళంచెవి కావాలి" అని పేచీ మొదలుపెట్టాడు. ఆ తాళంచెవి నా చేతిలోనే ఉన్నది. "సరే, ఆడుకో నాయనా!" అని వాడికిచ్చి, తలుపు వేసి నేనూ దిగాను.

మూడు అడుగులు వేశానో లేదో, వెనక "టక్" మని చప్పుడయింది. వాడు బొత్తాం నొక్కాడు. నాలుగు తలుపులూ ఒక్కసారే మూసుకుపోయాయి. అద్దాలన్నీ అంతకు ముందే ఎత్తి ఉన్నాయి. ఇంజను ఆగి ఉన్నది.

మొదట వాడికది తమాషాగా ఉన్నది. మేము ముగ్గురమూ నాలుగు వైపుల నుంచీ అద్దాలు కొడుతూ, "రెండో బొత్తాం నొక్కు! రెండోది!" అని అరిచేసరికి హడలిపోయి ఏడుపు లంకించుకున్నాడు. ఆ ఏడుపులో తాళంచెవి చేతిలోంచి జారి సీటు కిందికి పోయింది.

ఎండలో మూసి ఉన్న కారు పొయ్యి లాటిది. అద్దాల్లోంచి లోపలికి వచ్చిన వేడి మళ్లీ తేలికగా బయటికి పోలేదు. పది నిమిషాలలోనే లోపలి వేడి సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది. పెద్దవాళ్ల కంటె చిన్నపిల్లల ఒళ్లు చాలా త్వరగా వేడెక్కుతుంది.

ఇంతలో జనం పోగయ్యారు. వారిలో ఒకాయన, "మాస్టారూ, ఇంట్లో రెండో తాళంచెవి ఉన్నదా? ఉంటే దాన్ని ఫోను దగ్గర పెట్టి నొక్కమనండి. మీ ఫోను కారు దగ్గర పెట్టండి. తెరుచుకుంటుంది. నాకెవరో ఫోనులో పంపించారు" అన్నాడు. నేనేం చేశానో తెలుసునా? వెంటనే కోడలికి ఫోను చేశాను! ఆ పిల్ల పరుగెత్తి తాళంచెవి తెచ్చి, ఫోనుకు ఆనించి పదిసార్లు నొక్కింది. నేను నా ఫోను కారు తలుపుకు అదిమిపెట్టి నిలబడ్డాను. తలుపు తెరుచుకోలేదు. నాలుగు నిమిషాలు పోయాయి.

మా అబ్బాయి ఇక ఆగలేక, అద్దం పగలగొట్టటానికి పెద్ద రాయి ఎత్తాడు. అప్పుడు బోండాల బండి దగ్గరి నుంచి ఒక పిల్ల వచ్చింది. బండి ఆయన కూతురట, అయిదో తరగతి చదువుతున్నది.

"తాతగారండీ, మీరందరూ ఒక్కసారి పక్కకి జరగండి. మీరు అరుస్తుంటే బాబు ఇంకా బెదిరిపోతున్నాడండి," అన్నది.

"ఇరవై లెక్కపెడతాను. ఈలోగా రాకపోతే పగలగొట్టేస్తాను," అన్నాడు అబ్బాయి, రాయి దించకుండానే.

ఆ పిల్ల అద్దానికి ముఖం ఆనించి నవ్వింది. వాడు ఏడుపు ఆపి చూశాడు. తలుపు లోపలి పిడి పక్కన చిన్న మీట ఉంటుంది గదా, ఆ పిల్ల దాన్ని వేలితో చూపించి, తన వేలు ఇటు నుంచి అటు లాగి, నాలుకతో "టక్" మన్నది. మళ్లీ లాగి "టక్" మన్నది. వాడికి ఆట అనిపించింది. వాడూ మీట పట్టుకున్నాడు. రెండుసార్లు వేలు జారింది. మూడోసారి మీట కదిలింది. అబ్బాయి అప్పటికి పధ్నాలుగు లెక్కపెట్టాడు.

తలుపు తీసి వాణ్ణి ఎత్తుకుంటే, చొక్కా పిండితే నీళ్లు కారేట్టుగా ఉన్నది. అంతకు మించి ఏమీ కాలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోను ఎందుకు పని చెయ్యలేదో నాకు తెలియనిది కాదు. చూడండి: మన చెవి సెకనుకు 20 మొదలు 20,000 సార్ల దాకా కదిలే కంపనాలను వినగలదు. ఫోను కూడా ఒక చెవి లాటిదే. అది ధ్వనిని పట్టుకుని అవతలికి చేరుస్తుంది. తాళంచెవి చేసేది ధ్వని కాదు. అది రేడియో తరంగాలను పంపుతుంది. మన దేశంలో కార్ల తాళంచెవులు చాలావరకు సెకనుకు సుమారు 43 కోట్ల 30 లక్షల సార్లు కంపించే తరంగాలతో మాట్లాడతాయి. ఆ మాట ఫోను చెవికి ఎక్కదు. దూరాన ఉన్నవారికి వాసన పంపుదామని మల్లెపువ్వుకు ఫొటో తీసినట్టుంటుంది మేము చేసిన పని!

ఇంతకూ ఆ తాళంచెవి కారుతో ఏమని మాట్లాడుతుంది? మా బడిలో స్కౌటు పిల్లలు ఆడే ఆట ఒకటి చెబితే మీకు సులువుగా బోధపడుతుంది.

శిబిరం వాకిట ఒక కాపలావాడు ఉంటాడు. రహస్యపు మాట చెప్పినవాణ్ణే లోపలికి రానిస్తాడు. మొదటి ఏడు ఆ మాట "గోదావరి". అవతలి జట్టువాడొకడు చెట్టు చాటున దాక్కుని ఆ మాట విన్నాడు. కాసేపాగి వచ్చి, "గోదావరి" అని దర్జాగా లోపలికి నడిచాడు! 1982లో ఫ్రాన్సు దేశపు రెనో కంపెనీ తన ఫ్యూగో కారుకు దూరం నుంచి తెరిచే తాళం పెట్టింది. ఆ తొలి రోజుల తాళంచెవులు చాలావరకు ఎప్పుడు నొక్కినా ఒకే అంకెను పంపేవి. దొంగ ఒక్కసారి దాన్ని పట్టి దాచుకుంటే మర్నాడు తనే కారు తెరవగలిగేవాడు.

రెండో ఏడు మా పిల్లలు తెలివి తెచ్చుకున్నారు. నూరు మాటల పట్టీ రాసుకుని, ఒకసారి వాడిన మాటను కొట్టివేసి, తరువాతి మాట వాడారు. విన్న మాట దొంగకు పనికిరాదు. కారు తాళంచెవి కూడా ఇప్పుడు అదే చేస్తుంది. నొక్కినప్పుడల్లా లోపల ఒక లెక్క ఒకటి చొప్పున పెరుగుతుంది. ఆ లెక్కను రహస్యమైన సూత్రంతో తారుమారు చేసి పంపుతుంది. కారుకు కూడా సూత్రం తెలుసు గనక, విప్పి చూసుకుని, ఇది కిందటిసారి కంటె ముందుకు జరిగిన లెక్కే అయితే తెరుస్తుంది. పాతదయితే తెరవదు. జేబులో ఉండగా పొరపాటున నొక్కుకుపోయి తాళంచెవి కొన్ని అంకెలు ముందుకు పోయినా కారు సర్దుకుంటుంది.

ఇటువంటి పద్ధతుల్లో పేరుపొందినది కీలాక్. దాన్ని 1980లలో దక్షిణాఫ్రికాలో తయారుచేశారు. 1995లో అమెరికాలోని మైక్రోచిప్ కంపెనీ కొనుక్కున్నది. అందులో నొక్కినప్పుడల్లా మారే భాగానికి 32 స్థానాలుంటాయి. ఒక్కొక్క స్థానంలో సున్న గాని ఒకటి గాని ఉంటుంది. రెండును 32 సార్లు హెచ్చవేస్తే ఎంతవుతుందో మీరే లెక్కకట్టండి. 429 కోట్లు దాటుతుంది!

ఇప్పుడు జేబులోంచి తియ్యకుండానే తలుపు తెరిచే తాళంచెవులు కూడా ఉన్నాయి. వాటి ఆట ఇంకొక రకం. మీరు కారు పిడి పట్టుకోగానే కారే ముందు పలకరిస్తుంది. ఆ పలకరింపు సెకనుకు సుమారు 1 లక్షా 25 వేల సార్లు కంపించే తరంగం. అది ఒకటి రెండు మీటర్ల కంటె దూరం పోదు. అందులో కారు అప్పటికప్పుడు అనుకున్న ఒక అంకె ఉంటుంది. తాళంచెవి ఆ అంకెను రహస్య సూత్రంలో వేసి, వచ్చిన జవాబును తిరిగి పంపుతుంది. కాపలావాడు, "పదిహేడు!" అంటే లోపలివాడు, "ముప్పయి ఏడు!" అన్నట్టన్నమాట. రెట్టించి మూడు కలపాలన్న సూత్రం తెలిసినవాడే ఆ జవాబు చెప్పగలడు. అసలు సూత్రం ఇంత చిన్నది కాదు లెండి.

ఇక దీనికి తిరుగులేదనుకుంటున్నారా? ఇలా అనుకోండి: అవతలి జట్టువాడు కాపలావాడి దగ్గర నిలబడ్డాడు. వాడి నేస్తం చాలా దూరాన, మన జట్టువాడి దగ్గర నిలబడ్డాడు. కాపలావాడు అడిగిన అంకెను మొదటివాడు రెండోవాడికి చేరవేశాడు. రెండోవాడు మనవాణ్ణి అడిగి, జవాబు తిరిగి చేరవేశాడు. వాళ్లిద్దరికీ సూత్రం తెలియదు, అయినా తలుపు తెరుచుకున్నది! స్విట్జర్లాండులోని జూరిచ్ నగరంలో పరిశోధకులు 2011లో 8 కంపెనీలకు చెందిన 10 రకాల కార్ల మీద ఇదే పరీక్ష చేశారు. పదికి పది కార్లూ మోసపోయాయి. ఆ రోజు నా ఫోను మొయ్యలేకపోయింది రేడియో మాటనే గదా? రేడియో మాటనే మోసే యంత్రాలు దొంగల దగ్గర ఉంటాయి. ఇంట్లో గూట్లో ఉన్న తాళంచెవి మాటను వాకిట్లో ఉన్న కారుకు చేరవేస్తాయి.

దీనికి రెండు మందులున్నాయి. ఒకటి చవకది: తాళంచెవిని బిగువుగా మూతపడే లోహపు డబ్బాలో పెట్టటం. లోహపు గూడు విద్యుత్తును లోపలికి రానివ్వదని మైకేల్ ఫారడే 1836లోనే చూపించాడు. డబ్బాలో పెట్టాక తాళంచెవి పలుకుతున్నదో లేదో కారు దగ్గర నిలబడి పరీక్షించుకోవాలి. రెండోది కొత్త కార్లలో వస్తున్నది: జవాబు రావటానికి ఎంత సేపు పట్టిందో కారు కొలుస్తుంది. రేడియో తరంగం సెకనులో నూరుకోట్లవ వంతులో 30 సెంటీమీటర్లే పోగలదు. కనక జవాబు ఏమాత్రం ఆలస్యమయినా, మాట దూరం నుంచి వచ్చిందని కారు పసిగడుతుంది.

ఇదంతా తలచుకుంటే నాకొక సంగతి తోస్తుంది. ఆ రోజు తాళం తప్పు ఏమీ లేదు. తాళంచెవి మాట విన్నది, నిజమైనదేనని తేల్చుకున్నది, తలుపులు మూసింది. తాళం తాళంచెవిని గుర్తుపడుతుందే గాని, దాన్ని పట్టుకున్న చెయ్యి నాలుగేళ్ల పిల్లవాడిదా, దొంగదా, తాతదా అన్నది ఎరగదు. అది చూసుకోవలసినవాళ్లం మనమే.

కనక పెద్దలకు నాదొక మనవి. తాళంచెవి ఆటవస్తువు కాదు. ఒక్క నిమిషానికైనా పిల్లల్ని కారులో వదలవద్దు. ఒకవేళ ఇటువంటి ఆపద వస్తే ఫోనులో వచ్చిన చిట్కాలతో పొద్దుపుచ్చకుండా, పిల్లవాడికి దూరంగా ఉన్న పక్క అద్దాన్ని పగలగొట్టండి. అద్దానికి వెల కట్టవచ్చును.

పిల్లలూ, మీకు కూడా ఒక పని చెబుతాను. మీ ఇంట్లో కారు ఉంటే, ఈ సాయంత్రం మీ నాన్నగారి పక్కన కూర్చుని తాళంచెవిని పరీక్షగా చూడండి. చాలా తాళంచెవులలో ఒక చిన్న ఇనప తాళంచెవి దాగి ఉంటుంది. బాటరీ అయిపోయినా దానితో తలుపు తెరవవచ్చును. బాటరీ మీద 2032 అని ఉంటే, అది 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం అని అర్థం. ఆ తరువాత కారులో పెద్దలతో కూర్చుని, లోపలి మీట ఎలా లాగాలో మీ తమ్ముడికీ, చెల్లెలికీ నేర్పండి. ఆటలాగా నేర్పండి.

ఆ పిల్లను, "నీకీ ఉపాయం ఎలా తట్టిందమ్మా?" అని అడిగాను.

"మా తమ్ముడు ఓసారి స్నానాల గదిలో గడియ వేసేసుకున్నాడండి. అందరూ అరిచారండి. మా అమ్మ మాత్రం కిటికీలోంచి నవ్వుతూ గడియ తియ్యటం చూపించిందండి," అన్నది. అని, బోండాలు చల్లారిపోతాయన్నంత హడావుడిగా వాళ్ల నాన్న బండి దగ్గరికి పరుగెత్తింది.