పత్రిక మెచ్చిన ట్రాక్టర్

ఈ మధ్య మన పెద్దపల్లి వైపు ఎవరింట్లో ట్రాక్టర్ మాట వచ్చినా కొడుకు చేతిలో ఓ పత్రికో, ఫోన్‌లో ఓ వీడియోనో ఉంటోంది. "ఇండ్ల దీనికే ఫస్టు నంబరిచ్చిండ్రు బాపూ" అంటాడు. తండ్రి ఒక్కటే అడుగుతాడు: "మన బురదకు తట్టుకుంటదని రాసిండ్రా?"

ఆ తండ్రి ప్రశ్నకు పత్రికలో జవాబుంటే ఆ సమీక్షను నమ్మండి. లేకపోతే అది ఎంత బాగా రాసినా మీకోసం రాసింది కాదు. నా అభిప్రాయం ఇదేనండీ, ఎందుకో చెప్పుకుందాం.

మనది శ్రీరాంసాగర్ నీళ్లు కాకతీయ కాలువ మీదుగా పారే నేల. వానాకాలం, యాసంగి రెండు పంటలూ వరి వేసే ఊళ్లే ఎక్కువ. చెల్కలో నాగలి కట్టి దున్నడం ఒక పని, కేజీ వీల్స్ వేసి కరిగెట్లో రోటవేటర్ తిప్పడం ఇంకో పని. నాట్ల కాలంలో బండి తెల్లారిందగ్గర్నుంచి పొద్దుగూకేదాకా నీళ్లలోనే ఉంటుంది. అక్కడ బలం చాలకపోవడం కంటే బురద లోపలికి చేరడం పెద్ద బాధ. ముందు చక్రాల హబ్బుల్లోకి, బ్రేకుల్లోకి, క్లచ్‌లోకి సీళ్లు దాటి నీళ్లు పోతే బేరింగులు అరుగుతాయి, ప్లేట్లు పోతాయి. నేను చదివిన సమీక్షల్లో సీటు, స్టీరింగు, బానెట్ అందం గురించి పేరాలకు పేరాలు ఉంటాయి. సీళ్ల ఊసు మాత్రం కనపడదు.

కొనేముందు నమ్మదగ్గ మాట దొరకని ఈ తిప్పలు మనకే కాదు. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో విల్మట్ క్రోజియర్ అనే రైతు ఫోర్డ్ అనే పేరు చూసి ఓ ట్రాక్టర్ కొన్నాడు. అది హెన్రీ ఫోర్డ్ కంపెనీది కానేకాదు. మినియాపొలిస్‌లో ఎవరో ఫోర్డ్ అనే ఇంటిపేరున్న మనిషిని పెట్టుకుని ఆ పేరు అచ్చేసుకున్నారు. బండి పని చేయలేదు. ఆయన ఊరుకోకుండా శాసనసభకు ఎన్నికై, 1919లో చట్టం తెచ్చేదాకా పట్టు విడవలేదు. పరీక్షకు నిలబడని ట్రాక్టర్‌ను ఆ రాష్ట్రంలో అమ్మకూడదన్నది ఆ చట్టం. 1920లో అక్కడి విశ్వవిద్యాలయంలో పరీక్షలు మొదలయ్యాయి, వాటర్లూ బాయ్ అనే బండి మొదట గట్టెక్కింది. విడిభాగాలు ఆ రాష్ట్రంలోనే దొరికేలా కంపెనీ చూసుకోవాలని కూడా ఆ చట్టంలో రాశారు. నాకు అన్నిటికన్నా నచ్చిన మాట అది. నాట్లప్పుడు బండి ఆగి, ఆ సామాను హైదరాబాద్ నుంచి రావాలంటే రైతు ప్రాణం ఎట్లుంటుందో తెలిసినవాళ్లే అట్లాంటి మాట రాయగలరు.

మన దేశంలోనూ అలాంటి చోటు ఉంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో 1955 నుంచి కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ నడుస్తోంది. దక్షిణాదికి అనంతపురం వైపు గార్లదిన్నెలో ఇంకొకటి ఉంది. బుద్నీ నివేదిక చదవడానికి రుచిగా ఉండదు, అంతా పట్టికలే. కానీ ఓపిక పట్టండి. ఇంజన్ బలం వేరు, పీటీవో దగ్గర చేతికందే బలం వేరు. షోరూంలో యాభై హెచ్‌పీ అంటే అది ఇంజన్ మాట. రోటవేటర్‌ను తిప్పేది పీటీవో, అక్కడికొచ్చేసరికి అంకె తగ్గుతుంది. ఎంత తగ్గిందో నివేదికలో ఉంటుంది. గంటకు ఎంత డీజిల్ తాగింది, లిఫ్ట్ ఎంత బరువెత్తింది, నడిపేవాడి చెవి దగ్గర ఎంత మోత, అన్నీ రాస్తారు. బండిని బురద పొలంలో తిప్పి, ఆ తర్వాత విప్పి ఎక్కడెక్కడ నీళ్లు చేరాయో కూడా చూస్తారు. తండ్రి అడిగింది ఆ పేజీయే!

పత్రికలన్నీ అబద్ధాలు రాస్తాయని నేననను. అయితే ఒక బండిని మెచ్చుకున్న వ్యాసం పక్క పేజీలోనే అదే కంపెనీ ప్రకటన రంగుల్లో ఉంటే, లోపాలు రాసే కలం కొంచెం తడబడుతుంది. అమెరికాలో వినియోగదారుల సంఘం 1936 నుంచి ప్రకటనలు తీసుకోకుండా తన పత్రిక నడుపుతోంది, వస్తువులు తానే కొని పరీక్షిస్తుంది. మీ చేతిలోని సమీక్షలో ఒక్క లోపమైనా రాశారా, ఏ నేలలో ఎన్ని గంటలు నడిపారో చెప్పారా చూడండి. ఈ రెండూ లేకపోతే అది ప్రకటన కిందే లెక్క.

మరి పక్క పొలం ఆయన మాట? అది విలువైనదే, కానీ అడిగే తీరుండాలి. "మంచిగున్నదా?" అంటే కిస్తీలు కడుతున్న మనిషి మంచిగున్నదనే అంటాడు. "మూడో ఏడు ఏమేం మార్పించినవ్ అన్నా?" అని అడగండి, అసలు సంగతి అప్పుడు బయటికొస్తుంది. మెకానిక్‌నూ అడగండి. అయితే ఆయన షెడ్డులో ఏ కంపెనీ బండ్లు ఎక్కువ నిలబడి ఉంటే అదే చెడ్డదనుకోవద్దు. ఎక్కువ అమ్ముడైనదే ఎక్కువగా రిపేరుకూ వస్తుంది.

అడ్వాన్సు కట్టేముందు డీలర్‌ను రెండడగండి: పరీక్ష నివేదిక ఇమ్మనండి, మీ కరిగెట్లో మీ రోటవేటర్‌తో ఓ పూట నడిపి చూపమనండి. రెండింటికీ ఒప్పుకోని షోరూంలో కొనొద్దు.