పావు మిల్లీమీటరు

మా గరాజ్‌లో ఓ మూల చెక్కబల్ల ఉంది. దాని మీదున్న సామానంతా చూసి మా ఆవిడ ఆ మూలకి "కంసాలి కొట్టు" అని పేరెట్టింది. పోయిన నెల ఆ కొట్టులోకి ఇంకో పనిముట్టు కొందామని మూడు వారాలు కుస్తీ పట్టాను. ఆ కథే ఇది.

ముందు చిన్న పరిచయం. నేనుండేది టెక్సస్‌లో, డాలస్‌కి కాస్త ఉత్తరాన. వారమంతా క్లయింట్ల డేటాబేసులు ఒకచోట నించి ఇంకోచోటికి మోస్తుంటాను. రెణ్ణెల్లకో శనివారం రైఫిల్ పట్టుకుని రేంజికి వెళ్ళి, వంద గజాల దూరంలో ఉన్న కాగితానికి చిల్లులు పెట్టొస్తాను. అంతే. జంతువుల జోలికి పోను (ముద్దపప్పు తినేవాడికి జింకలతో పనేంటి?). ఈ పిచ్చి నాకంటించింది పాత ప్రాజెక్టులో నాతో పనిచేసిన ఓ తెల్లజుట్టు పెద్దాయన.

హెచ్1బి మీద ఉన్నన్నాళ్ళూ దీని దరిదాపులకి వెళ్ళలేదు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు వదిలేస్తే, ఆ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. ఆ లెక్కలో కాల్చేసిన ఖాళీ ఇత్తడి గొట్టం కూడా తూటా కిందకే వస్తుంది. కాబట్టి గ్రీన్‌కార్డు వచ్చాకే ఈ సరదా. ఇండియా వెళ్ళే ముందు మాత్రం ఇప్పటికీ బ్యాగు జేబులన్నీ మూడుసార్లు బోర్లించి దులుపుతాను. మన ఎయిర్‌పోర్టులో ఒక్క ఖాళీ గొట్టం దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు!

సరే, అసలు విషయం. తూటా పేలాక గుండు వెళ్ళిపోతుంది, మందు కాలిపోతుంది, ఇత్తడి గొట్టం మిగుల్తుంది. తూటా ఖరీదులో చాలా భాగం దానిదే. దాన్ని అచ్చులో పెట్టి నొక్కి పాత కొలతకి తెచ్చి, కొత్త ప్రైమరు, మందు, గుండు అమరిస్తే మళ్ళీ తూటా తయారు. దీన్నే రీలోడింగ్ అంటారు. (మందంటే ఆ మందు కాదు. మిత్రులు గమనించగలరు.)

అయితే ఇత్తడి సాగుతుంది. నేను వాడేది .308 విన్‌చెస్టర్, 1952 నాటి సరుకు. దాని గొట్టం పొడవు 2.015 అంగుళాలు దాటకూడదు. దాటితే కోసి 2.005కి తెచ్చుకోవాలి. తేడా అంగుళంలో వెయ్యో వంతులు పది, అంటే పావు మిల్లీమీటరు. ఈ మాత్రానికేనా అంటారేమో. గొట్టం మరీ పొడవైతే దాని మూతి రైఫిల్ గదిలో ముందు గోడకి తగులుకుని గుండుని బిగబట్టేస్తుంది. వదలాల్సిన సమయానికి గుండుని వదలదు. దాంతో లోపలి ఒత్తిడి ఎక్కడికో పోతుంది. అవతలి పక్క మన మొహం ఉంటుంది.

అందుకని అచ్చులో నొక్కాక, ప్రైమరు పెట్టకముందు, ఒక్కో గొట్టాన్నీ కొలిచి పొడవైనవాటి మూతి కోసి, లోపలా బయటా అంచు నున్నగా చెయ్యాలి. ఆ కోసే పనిముట్టే ట్రిమ్మరు. అప్పటిదాకా పెద్దాయన దగ్గర తెచ్చుకున్నదాంతో లాగించాను. ఆయన వేరే ఊరు మారిపోతున్నారు కాబట్టి సొంతది కొనుక్కోవాలి.

చూస్తే ఇందులో నాలుగు కులాలున్నాయి. మొదటిది లీ కంపెనీ చేసే చిన్న కట్టరు. దానికో సూది ఉంటుంది. గొట్టం మూతిలోంచి దూరి, అడుగున ప్రైమరు నిప్పు వచ్చే చిల్లులోంచి బయటికొచ్చి, కింది పీటకి తగలగానే కోత ఆగిపోతుంది. తూటా రకానికో సూది. కొలత మార్చుకునే మరే లేదు, తప్పు చేద్దామన్నా చెయ్యనివ్వదు. ఖరీదు హోటల్లో ఒక మనిషి భోజనమంత. రెండోది ఫార్‌స్టర్, లైమన్, ఆర్‌సీబీఎస్ వాళ్ళ చేతి చక్రం రకం. చిన్న లేతు మిషను లాగే ఉంటుంది. అడుగు అంచుని కొల్లెట్ పట్టుకుంటుంది, మనం చక్రం తిప్పాలి. అంచుల మందంలో తేడాలుంటే కొలతలోనూ కాస్త తేడా రావచ్చు. విల్సన్ వాళ్ళది ఇలాంటిదే, కానీ గొట్టాన్ని ఒంటి వాలు దగ్గర ఒరలో పట్టుకుంటుంది. మూడోది డ్రిల్లుకి తగిలించేది. గొట్టం భుజం దానికి ఆనుతుంది, మూణ్ణాలుగు సెకన్లలో పని అయిపోతుంది. నాలుగోది బల్ల మీద కూర్చునే మోటారు రకం. కోత, లోపలి అంచు, బయటి అంచు మూడూ ఒకేసారి. ధర కొన్ని వందల డాలర్లు.

కన్సల్టెంటుని కదా, స్ప్రెడ్‌షీటు తీశాను. వేగం, కచ్చితత్వం, ధర, శ్రమ అని నాలుగు కాలమ్స్, ఒక్కోదానికీ వెయిటేజీ. నా మనసులో మోటారు రకం ఉంది కాబట్టి అదే నెగ్గేదాకా వెయిటేజీలు మార్చాను. (క్లయింట్లకి ఇలా చెయ్యను. ఒట్టు.) కొలతలు రాసుకునే షీటు వేరే ఉంది. ఐదుసార్లు కాల్చిన యాభై గొట్టాలు, ప్రతిసారీ కోసి 2.005కి తెచ్చినవి. అన్నీ పచ్చరంగులో మెరుస్తున్నాయి.

శనివారం రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ ఆదివారం పొద్దున. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళు లేతు మీద టర్నరు. నాకు వెర్నియర్ చూడ్డం ఆరో క్లాసులో ఆయనే నేర్పాడు. ఫోటోలు పంపి నా పరిశోధనంతా వినిపించాను.

"నెలకెన్ని కోస్తావు?" అన్నాడు.

"రెణ్ణెల్లకో యాభై."

"యాభైకి మోటారెందుకురా?"

నేనేం మాట్లాడలేదు.

"దేనికి ఆనించి కోస్తుందది?"

ఆటోనగర్ ప్రశ్న! మూడు వారాల స్ప్రెడ్‌షీటులో ఆ కాలమ్ లేదు. కొన్ని అడుగుకి ఆనిస్తాయి, కొన్ని భుజానికి ఆనిస్తాయి అని చెప్పాను. భుజానికి ఆనించేవాటిలో, అచ్చు ఒక్కోసారి ఒక్కోలా నొక్కితే పొడవులోనూ ఆ తేడా వస్తుంది.

"సరే, ప్రతిసారీ ఎంత పోతోంది?"

"ఎనిమిది, తొమ్మిది థౌ."

కాసేపు చప్పుడు లేదు. తర్వాత అన్నాడు. "ఐదుసార్లు కోశానంటున్నావు. అంత ఇత్తడి ఎక్కడ్నించి వచ్చిందిరా? మూతి దగ్గర మొలవదు కదా. ఎక్కడో పల్చబడుతుండాలి. పొడవొక్కటే కొలుస్తున్నావు, గోడ మందం ఎప్పుడన్నా చూశావా?"

చూడలేదు.

"నీ లేతు మీద ఇలాంటి గొట్టం సాగదీసిన అనుభవం ఉందా నాన్నా?" అన్నాను మాట మార్చడానికి.

"లేతెక్కడిది? సంక్రాంతికి ముందే ఇచ్చేశాగా."

"చెప్పలేదేం?"

"నువ్వడగలేదు" అన్నాడు. కోపంగా కాదు. తర్వాత వేళ్ళు వణుకుతున్నాయనీ, టూలు పట్టు దొరకడం లేదనీ మెల్లగా చెప్పాడు. ప్రతి వారం ఫోన్ చేస్తాను. మందులు వేసుకున్నావా, బీపీ ఎంత, డబ్బులు అందాయా. అన్నీ పచ్చరంగే.

ఫోను పెట్టేసి గరాజ్‌లోకి వెళ్ళాను. పెద్దాయన ఎప్పుడో చూపించిన చిట్కా ఒకటుంది. పేపర్ క్లిప్పు తిన్నగా చేసి కొస వంచి, గొట్టం లోపల అడుగునించి పైకి గోడ వెంబడే గీకాలి. అడుగుకి కాస్త పైన కొక్కెం తట్టుకుంటే అక్కడ గోడ పల్చబడిందని అర్థం. యాభైలో తొమ్మిది తట్టుకున్నాయి. అందులో రెండిటికి బయట కూడా సన్నటి మెరిసే గీత కనబడుతోంది. ఒకదాన్ని రంపంతో నిలువునా కోశాను. సరిగ్గా అక్కడే లోపల ఉంగరంలా గాడి. ఇంకో రెండు మూడుసార్లు కాల్చుంటే అక్కడే తెగి, వేడి గాలి నా వైపు తన్నేది.

కారణం కూడా దొరికింది. అచ్చుని నేను మరీ కిందికి బిగించాను. ప్రతిసారీ భుజం ఆరు థౌ వెనక్కి పోతోంది. కాల్చినప్పుడు గొట్టం ముందు భాగం గదిగోడని పట్టుకుంటుంది, అడుగు వెనక్కి జరిగి ఆ ఖాళీని నింపుతుంది, మధ్యలో ఇత్తడి సాగుతుంది. అచ్చులో మళ్ళీ నొక్కినప్పుడు ఆ ఇత్తడే మెడ వైపు పాకుతుంది. దాన్ని నేను శ్రద్ధగా కోసి, పొడవు సరిపోయిందని సంతోషిస్తున్నాను. భుజం కొలిచే గేజి తెచ్చుకుని అచ్చుని రెండు థౌకి సర్దాను. యాభై గొట్టాల మూతులూ పటకారుతో నొక్కేసి తుక్కులో వేశాను. కొత్త గొట్టాలు రెండుసార్లు కాల్చినా ఇంకా 2.015 దాటలేదు.

చివరికి కొన్నది హోటల్ భోజనం ఖరీదు కట్టరే. అడుగుకి ఆనించి కోస్తుంది, నాకది చాలు. మీరు వందల్లో కాలిస్తే డ్రిల్లు రకం చూడండి, వేలల్లో అయితే మోటారు. ఏది కొన్నా కొనకముందు పేపర్ క్లిప్పు ఒకటి వంచుకోండి.

అన్నట్టు, మిగిలిన డబ్బులకి ఇంకాస్త వేసి డిసెంబరుకి విజయవాడ టిక్కెట్టు కొన్నాను. బ్యాగు జేబులు ఇప్పటికే ఓసారి దులిపాను. నాన్నకి చెప్తే, "వచ్చేటప్పుడు ఆ కోసిన గొట్టం తీసుకురా, చూస్తాను" అన్నాడు. కుదరదు నాన్నా అన్నాను. "పోనీ నువ్వు రా" అన్నాడు.