ఉప్పుగాలిలో గ్రాఫిక్స్ కార్డు

మచిలీపట్నం కోనేరు సెంటర్ నుంచి నాలుగడుగులు వేస్తే వచ్చే ఒక సందులో పదడుగుల గది. పైన ‘కంప్యూటర్ సేల్స్ అండ్ సర్వీస్’ అన్న బోర్డు ఎండకు సగం వెలిసిపోయింది. ఉదయం తొమ్మిదిన్నరకు నేను వెళ్లేసరికి దుకాణం యజమాని ఒక గ్రాఫిక్స్ కార్డును బోర్లించి, ఫ్యాన్లు ఊడదీసి, పాత టూత్‌బ్రష్షును స్పిరిట్‌లో ముంచి రుద్దుతున్నాడు. రాగి బయటపడిన చోటల్లా పచ్చగా చిలుము పట్టి ఉంది.

“నాగాయలంక సరుకండీ. ఏడాదికోసారి ఇట్టా స్నానం చేయించకపోతే బతకదు,” అన్నాడు తల ఎత్తకుండా.

ఆ కార్డు పేరు ఆర్9 270. ఏఎమ్‌డీ 2013లో తెచ్చింది. మెమరీ రెండు గిగాబైట్లు. విండోస్‌లో ఆ తరం కార్డులను ఏఎమ్‌డీ 2021లోనే పాత సామాను జాబితాలో వేసేసింది. అయినా దాన్ని శుభ్రం చేయించి మళ్లీ బిగించుకోవాలనుకునే ఇల్లొకటి దివిసీమలో ఉంది. మధ్యాహ్నం ఆయన మోటారు సైకిల్ మీద అక్కడికే వెళ్తాడు. వెనక సీటు నాకిస్తానన్నాడు.

ఈ మధ్య ఆయనకు ఇలాంటి పని పెరిగింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఏమో ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ప్రాసెసర్లను ఒప్పుకుంటుంది. బందరు అని కూడా పిలిచే ఈ మచిలీపట్నంలో, పెడనలో ఇళ్లలో ఇప్పటికీ నడుస్తున్న నాలుగో తరం ఐ5 పెట్టెలన్నీ ఒక్కసారిగా గడువు తీరినవైపోయాయి. “పారేయమని చెప్పలేను కదండీ. లినక్స్ వేసిస్తాను. పెద్దోళ్లు సంతోషంగా పట్టుకెళ్తారు. నాలుగు రోజులకి పిల్లోడు వస్తాడు. బాబాయ్, ఇందులో ఆటలు ఆడతాయా అని!”

ఆడతాయి. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ 1993 నుంచీ ఉంది. కానీ కొత్త ఆటలకు అది చాలేది కాదు. నియర్ ఆటోమేటా అనే ఆటను లినక్స్‌లో ఆడాలన్న కోరికతో ఫిలిప్ రెబోలే అనే ప్రోగ్రామర్ డీఎక్స్‌వీకే రాశాడు. విండోస్ ఆటలు వాడే డైరెక్ట్‌ఎక్స్‌లో వచ్చే ఆదేశాలను అది వల్కన్ అనే మరో భాషలోకి అప్పటికప్పుడు మారుస్తుంది. స్టీమ్ అనే ఆటల ఆన్‌లైన్ దుకాణాన్ని నడిపే వాల్వ్ సంస్థ దాన్ని వైన్‌తో కలిపి 2018 ఆగస్టులో ప్రోటాన్ విడుదల చేసింది. 2022 ఫిబ్రవరిలో అదే సంస్థ లినక్స్‌తో నడిచే స్టీమ్ డెక్ అనే చేతి యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. 2025 అక్టోబరు నాటికి స్టీమ్ సర్వేలో లినక్స్ వాటా తొలిసారి 3 శాతం దాటింది.

అంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు కార్డు దగ్గర వస్తుంది. విండోస్‌లో అయితే ధర ఎంత, ఫ్రేములు ఎన్ని అని రెండు ప్రశ్నలు అడిగి కొనేస్తారు. బందరు దుకాణంలో వాటికంటే ముందు మూడో ప్రశ్న వస్తుంది: దీని డ్రైవర్ ఎవరి చేతిలో ఉంది?

ఆ ప్రశ్నకు జవాబు పదకొండు గంటల రైల్లో గుడివాడ నుంచి దిగి వచ్చింది. ఇంజనీరింగ్ మూడో ఏడు చదివే కుర్రాడు. సంచిలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. “అన్నయ్యా, జీటీఎక్స్ 1050 టీఐ. సెకండ్ హ్యాండ్. ఆన్‌లైన్‌లో తీసుకున్నా. ఒక్క ఆటా తెరుచుకోవట్లేదు.”

ఎక్కడ కొన్నావని ఆయన అడగలేదు. కార్డును పరీక్ష పెట్టెలో గుచ్చి, లినక్స్ బూట్ చేసి, కెర్నెల్ మొదలయ్యేటప్పుడు రాసుకునే చిట్టా తెరిచాడు. ఎన్విడియా కార్డుల కోసం బయటివాళ్లు రాసిన నూవో అనే స్వేచ్ఛా డ్రైవర్ పెట్టె మీది పేరును నమ్మదు. చిప్‌నే అడిగి, వచ్చిన జవాబు రాస్తుంది. తెర మీద వచ్చిన పేరు జీఎఫ్116. అది 2011 నాటి జీటీఎక్స్ 550 టీఐలో వాడిన చిప్. ఎవరో లోపలి బయాస్ మార్చి, పైన కొత్త స్టిక్కర్ అంటించారు. ఆ తరం చిప్‌లకు వల్కన్ లేదు. వల్కన్ లేకపోతే డీఎక్స్‌వీకే లేదు, ప్రోటాన్‌లో ఆటా లేదు.

కుర్రాడి ముఖం చిన్నబోయింది. యజమాని టీ చెప్పించాడు.

టీ తాగుతూ మరో మోసం గురించి కూడా చెప్పాడు. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం అనే క్రిప్టో నాణెం తన పద్ధతి మార్చుకోవడంతో గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని తవ్వే పని ఆగిపోయింది. రాత్రింబవళ్లు తిరిగిన కార్డులు పాత సరుకు బజారుకు వచ్చాయి. వాటిలో ఆర్‌ఎక్స్ 580 పేరుతో దొరికేవి ఒకసారి లెక్కపెట్టి చూడాలి. అసలైన దానిలో 36 కంప్యూట్ యూనిట్లు ఉంటాయి. చైనా బజారు కోసం 2018లో అదే పేరుతో వచ్చిన రకంలో 32 మాత్రమే. “పేరు ఒకటే, పెరుగు వేరు,” అన్నాడు.

“పోనీ నిజం 1050 టీఐ దొరికితే?” అన్నాడు కుర్రాడు.

దానికి జవాబు కాస్త పొడుగ్గా వచ్చింది. ఎన్విడియా డ్రైవర్ చాలాకాలం పూర్తిగా మూసిన పెట్టె. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ ఆ సంస్థ తీరు మీద మండిపడి కెమెరాకు మధ్యవేలు చూపించాడు. పదేళ్లకు, 2022 మే నెలలో, ఎన్విడియా కెర్నెల్ భాగాన్ని తెరిచింది. అది కూడా 2018 నాటి ట్యూరింగ్ తరం నుంచి వచ్చిన కార్డులకే. 1050 టీఐ అంతకు ముందు తరానిది, పాస్కల్. ఆ తరానికి 580 శ్రేణి డ్రైవరే ఆఖరు. దాని తర్వాతివి ఆ కార్డులను గుర్తించవు. నూవోతో సరిపెట్టుకుందామంటే, ఆ తరం చిప్‌లు కంపెనీ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ లేకుండా వేగం పెంచుకోనివ్వవు. గేరు మార్చలేని బండి అన్నమాట.

ఏఎమ్‌డీ కథ వేరే దారిలో నడిచింది. 2007 నుంచి తన చిప్‌ల వివరాలను బయటపెడుతూ వచ్చింది. ఏఎమ్‌డీజీపీయూ డ్రైవర్ 2015లో లినక్స్ 4.2 కెర్నెల్‌లోనే చేరిపోయింది. వల్కన్ కోసం 2016లో డేవ్ ఎయిర్లీ, బాస్ న్యూవెన్‌హౌజెన్ అనే ఇద్దరు కంపెనీ బయటే ఉండి రాడ్‌వీ డ్రైవర్ మొదలుపెట్టారు. స్టీమ్ డెక్‌లో ఉన్నది ఏఎమ్‌డీ చిప్ కాబట్టి వాల్వ్ కూడా డబ్బు, మనుషులను పెట్టింది. చివరికి 2025లో ఏఎమ్‌డీ సొంత వల్కన్ డ్రైవర్‌ను పక్కనబెట్టి, ఆ బయటివాళ్లు మొదలుపెట్టినదానికే ఓటేసింది. వీటిలో ఏదీ కొన్నవాడు విడిగా దించుకోనక్కర్లేదు. కార్డు గుచ్చి మీట నొక్కితే బొమ్మ వస్తుంది.

అలాగని ఆయన అందరికీ ఏఎమ్‌డీయే చెప్పడు. కుర్రాడిని రెండు ప్రశ్నలు అడిగాడు. “చదువులో కూడా ఈ కార్డుతో పని పడుతుందా?” మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టు ఉందన్నాడు. ఆ పాఠాలు చాలావరకు ఎన్విడియా వారి ‘కుడా’ (CUDA) వేదిక మీదే నడుస్తాయి. అలాంటివాళ్లకు ట్యూరింగ్ లేదా ఆ తర్వాతి ఎన్విడియా కార్డే మేలు. 2024లో వచ్చిన డ్రైవర్లతో లినక్స్‌లో తెరను నడిపే వేలాండ్ పద్ధతిలో మినుకులాట కూడా చాలావరకు తగ్గింది. “ఆడే ఆట ఏంటి?” వాలరెంట్ అన్నాడు. ఆయన నవ్వాడు. ఆ ఆటలో మోసగాళ్లను పట్టే వాన్‌గార్డ్ లినక్స్‌లో నడవదు. ఏ కార్డు కొన్నా అంతే. ఏపెక్స్ లెజెండ్స్ కూడా 2024 అక్టోబరు చివర లినక్స్‌కు తలుపు మూసింది. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 నేరుగా లినక్స్‌కే వచ్చాయి. జీటీఏ 5 కథ మోడ్ ఆడుకోవచ్చు. “ముందు ఆటల జాబితా రాసుకో తమ్ముడూ. కార్డు తర్వాత.”

కుర్రాడు దొంగ కార్డును సంచిలో వేసుకుని, వెళ్తూ వెళ్తూ ఆ చిట్టాను ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. అమ్మినవాడికి పంపడానికట.

బల్ల మీద భూతద్దం అమర్చిన దీపం ఒకటి ఉంది. దాని కిందే ఆయన ఆర్9 270 మీది సన్నని దారులన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. ఈ ఊరికి అద్దాల వెనకనుంచి చూడటం కొత్త కాదు. అయ్యగారి రామమూర్తి 1926లో ఇక్కడే ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పెట్టి ప్రయోగశాల పరికరాలు తయారుచేయించారు. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. ఇప్పుడు ఆ యూనిట్‌లో రాత్రిపూట చూసే సైనిక పరికరాలు తయారవుతాయి. దుకాణం యజమానికి దానితో సంబంధమేమీ లేదు. కానీ పాడైన వస్తువును మూత తీసి చూడకుండా పారేయడం బందరువాళ్లకు నచ్చదని ఆయన నమ్మకం.

రెండింటికి బయల్దేరాం. చల్లపల్లి, మోపిదేవి దాటి, కృష్ణ పాయ దాటితే దివిసీమ. అవనిగడ్డ నుంచి నాగాయలంక వైపు వెళ్తుంటే వరి తగ్గి రొయ్యల చెరువులు మొదలవుతాయి. గాలిలో తడి, ఉప్పు. చెరువుల్లో ఏరేటర్ల చక్రాలు నీళ్లు చిలుకుతున్నాయి.

ఇంటి పెద్దాయనకు నాలుగు చెరువులు. కంప్యూటర్ కొడుకుది. పెట్టె నేల మీద లేదు, నడుమెత్తు సిమెంటు అరుగు మీద ఉంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన సీమ ఇది. ఆ ఇంట్లో బియ్యం బస్తా దగ్గర్నుంచి బ్యాటరీ దాకా ఏదీ నేలను తాకి ఉండదు.

“కొత్తది కొంటానంటే మీరు వద్దన్నారంట అబ్బాయ్?” అన్నాడు పెద్దాయన.

“వద్దనలేదు బాబాయ్ గారూ, ఆగమన్నాను.” కారణాలు వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఏరేటర్ మోటార్లు ఒక్కసారిగా లేచినప్పుడు ఈ వీధిలో కరెంటు కుంగుతుంది. ఆ పెట్టెలో పవర్ సప్లై చవకది. ముందు దాన్ని మార్చాలి. తక్కువ కరెంటు తాగుతుందని 53 వాట్ల ఆర్‌ఎక్స్ 6400 పెడదామంటే, అది మదర్‌బోర్డుతో నాలుగు దారుల్లోనే మాట్లాడుతుంది. ఇలాంటి పాత బోర్డులో ఆ దారులు ఇరుకైపోతాయి. ఇంటెల్ ఆర్క్ కార్డులు పూర్తి వేగం ఇవ్వాలంటే రీసైజబుల్ బార్ అనే సదుపాయం కావాలి. అది ఈ బోర్డులో లేదు. తర్వాత కొనేటప్పుడు 132 వాట్ల ఆర్‌ఎక్స్ 6600 సరిపోతుంది. ఎనిమిది గిగాబైట్లు, ఒకే పవర్ తీగ.

కొడుక్కి ఒక అసంతృప్తి ఉంది. హాల్లో కొత్త 4కే టీవీ. “అన్నా, 6600 కొంటే దాంట్లో 120 వస్తుందా?” ఇక్కడ తెరిచిన డ్రైవర్ కూడా గోడకు తగులుకుంది. హెచ్‌డీఎమ్‌ఐ 2.1 పద్ధతిని బహిరంగ కోడ్‌గా రాయడానికి ఏఎమ్‌డీ అనుమతి అడిగితే హెచ్‌డీఎమ్‌ఐ ఫోరం కాదన్నదని 2024 ఫిబ్రవరిలో బయటపడింది. డిస్‌ప్లేపోర్టు ఉన్న మానిటర్‌కు ఆ ఇబ్బంది లేదు. టీవీలకు సాధారణంగా ఆ పోర్టు ఉండదు. కొడుకు మూతి ముడిచాడు.

కార్డు బిగించారు. ఇన్నాళ్లూ ఈ తరం కార్డును కెర్నెల్ పాత రేడియన్ డ్రైవర్‌కు అప్పగించేది. దానికి వల్కన్ లేదు. కొత్త డ్రైవర్‌కు మారాలంటే బూట్ వరుసలో రెండు మాటలు చేర్చాలి. మరిచిపోతే ఆట తెరుచుకోదు. 2012 నాటి ఆ చిప్‌ల కుటుంబాన్ని నేరుగా కొత్త డ్రైవర్‌కే అప్పగించే మార్పు 2025 చివర్లో కెర్నెల్‌లో చేరింది. 6.19తో అందరికీ వచ్చింది. ఆ పని చేసినవాడు వాల్వ్ కోసం పనిచేసే తిమూర్ క్రిస్టోఫ్. యజమాని ఆ పాత రెండు మాటలు చెరిపేసి, పెట్టెను మళ్లీ మొదలుపెట్టాడు. జీటీఏ తెరుచుకుంది. లాస్ శాంటోస్ వీధుల్లో కారు కదిలింది.

చీకటి పడుతుంటే బయట ఏరేటర్లు ఒకదాని వెంట ఒకటి లేచాయి. ట్యూబ్‌లైటు ఒకసారి మసకబారింది. యూపీఎస్ రెండుసార్లు కూసింది. తెర ఆరలేదు. కొడుకు కళ్లు తిప్పకుండా ఆడుతూనే ఉన్నాడు.

పెద్దాయన మాకు మజ్జిగ ఇచ్చి, గుమ్మంలోంచి కేకేశాడు. “ఒరేయ్, ఏటి వైపు కిటికీ మూసెయ్యరా. మళ్లీ చిలుము పడితే ఇంకో ఏడాది నువ్వే బందరు మోసుకెళ్లాలి.”